చర్మం బిగిసినవారు శ్వాసను మరువరాదు
స్క్లీరోడెర్మా వ్యాధిలో కలిగే ఆయాసం: కారణాలు, పరీక్షలు, గృహస్థులు పాటించవలసిన జాగ్రత్తలు

చర్మవ్యాధి అనగానే లేపనాలు, తైలాలు, పథ్యం, కొంత ఓపిక అనుకోవడం మన ఇళ్ళలో పరిపాటి. కంటికి కనిపించేది చర్మం గనుక చికిత్స కూడా చర్మానికే జరగాలని భావిస్తాం. అనేక వ్యాధులలో ఈ భావన వలన పెద్ద నష్టం ఉండదు. స్క్లీరోడెర్మా విషయంలో మాత్రం ఇది ప్రాణాంతకం కాగలదు. ఈ వ్యాధిలో రోగిని రోజూ బాధించేది చర్మమే అయినా, ఆయుర్దాయాన్ని నిర్ణయించేవి ప్రధానంగా ఊపిరితిత్తులు, గుండె, ఆ రెండింటినీ కలిపే రక్తనాళాలు.

ఐరోపా దేశాల వైద్యులు కలిసి జరిపిన ఒక విస్తృత పరిశీలన 2010లో వెలువడింది. ఈ వ్యాధి మూలంగానే సంభవించిన మరణాలలో 35 శాతం ఊపిరితిత్తులు గట్టిపడటం వలన, 26 శాతం ఊపిరితిత్తులకు వెళ్ళే ధమనిలో రక్తపోటు పెరగటం వలన సంభవించినట్లు అందులో తేలింది. పూర్వం మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినటం ఈ రోగుల మరణాలకు ప్రధాన కారణంగా ఉండేది. 1980 ప్రాంతంలో ఎ.సి.ఇ. నిరోధకాలనే రక్తపోటు మందులు వచ్చిన తరువాత ఆ ముప్పు చాలావరకు అదుపులోకి వచ్చింది. నేడు ముందుగా కాపాడుకోవలసినది శ్వాసనే.

కనుక ఈ పాఠంలో చర్మాన్ని గురించి క్లుప్తంగా, శ్వాసను గురించి వివరంగా తెలుసుకుందాం.

వ్యాధి పరిచయం

గ్రీకు భాషలో 'స్క్లీరోస్' అంటే గట్టిది, 'డెర్మా' అంటే చర్మం. 1753లో ఇటలీలోని నేపుల్స్ నగరానికి చెందిన కార్లో కర్జియో అనే వైద్యుడు, శరీరమంతా చర్మం బిగుసుకుపోయిన ఒక యువతి వ్యాధిని గ్రంథస్థం చేశాడు. చలికి వేళ్ళు పాలిపోయి, నీలమై, తిరిగి ఎర్రబడే స్థితిని 1862లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు మోరిస్ రేనో వర్ణించాడు. నేటికీ ఆ స్థితికి 'రేనో లక్షణం' అనే పేరు. స్క్లీరోడెర్మా రోగులలో అత్యధికులకు మొదట కనిపించేది ఈ లక్షణమే. చన్నీళ్ళలో చేయి పెట్టినా, ఫ్రిజ్ తెరిచినా వేళ్ళు తెల్లబడతాయి. కొన్ని నెలలకో, సంవత్సరాలకో వేళ్ళు ఉబ్బి, చర్మం నునుపుదేరి బిగుస్తుంది. ఉంగరాలు పట్టవు. పిడికిలి ముడుచుకోదు. నోరు పూర్తిగా తెరుచుకోదు.

ఇది అంటువ్యాధి కాదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి స్వంత కణజాలంపైనే పనిచేయటం, చిన్న రక్తనాళాలు దెబ్బతినటం, కొల్లాజెన్ అనే పీచుపదార్థం అవసరానికి మించి పేరుకోవటం అనే మూడు ప్రక్రియలు ఇందులో కలిసి ఉంటాయి. పురుషులకంటే స్త్రీలలో ఇది ఎక్కువ. 30 నుండి 50 సంవత్సరాల వయస్సులో తరచుగా ఆరంభమవుతుంది.

ఇందులో రెండు ప్రధాన భేదాలున్నాయి. శరీరంలో ఒకటి రెండు చోట్ల మాత్రమే మచ్చగానో చారగానో చర్మం గట్టిపడటం మొదటిది. దీనిలో లోపలి అవయవాలు సాధారణంగా దెబ్బతినవు. రెండవది సర్వాంగ వ్యాధి. ఈ వ్యాసం రెండవ భేదాన్ని గురించినది. చర్మం బిగుతు మోచేతులు, మోకాళ్ళ దిగువకు, ముఖానికి మాత్రమే పరిమితమైతే అది 'పరిమిత' రూపం. పై చేతులకు, తొడలకు, ఛాతీకి, పొట్టకు కూడా పాకితే అది 'విస్తృత' రూపం. చర్మం తక్కువగా బిగిసినంత మాత్రాన ఊపిరితిత్తులు క్షేమంగా ఉన్నాయని భావించరాదు. పరిమిత రూపంలోనూ శ్వాసకు ముప్పు ఉన్నది.

రాతిధూళికి ఈ వ్యాధితో గల సంబంధం కూడా తెలుసుకోదగినది. దక్షిణాఫ్రికా బంగారు గనులలో పనిచేసి సిలికా ధూళిని పీల్చినవారిలో ఈ వ్యాధి కనబడటాన్ని 1957లో ఎరాస్మస్ అనే వైద్యుడు నివేదించాడు. రాళ్ళ క్రషర్లలో, గ్రానైటు కోతలో, పలుగురాయి పొడి చేసే పనులలో సంవత్సరాల తరబడి శ్రమించినవారికి వేళ్ళు పాలిపోవటం, చర్మం బిగియటం కనిపిస్తే తాము చేసిన పనిని గురించి వైద్యునికి తప్పక చెప్పాలి.

ఆయుర్వేద దృష్టి

ఈ వ్యాధిని యథాతథంగా ఒకే పేరుతో మన ప్రాచీన గ్రంథాలు వర్ణించలేదు. చర్మ స్తబ్ధత, వేళ్ళ నొప్పి, రంగు మారటం, పుండ్లు పడటం అనే లక్షణాలను బట్టి ఆయుర్వేద వైద్యులు దీనిని వాతరక్తంతోను, ధాతువులను ఆశ్రయించిన వాతవ్యాధులతోను పోల్చి చికిత్స నిర్ణయిస్తుంటారు. మన ప్రస్తుత విషయానికి మరింత ఉపయోగపడేది చరకుడు శ్వాసను గురించి చెప్పిన మాట. ప్రాణవహ స్రోతస్సులకు, అనగా శ్వాస సంచరించే మార్గాలకు, హృదయము, మహాస్రోతస్సు మూలాలని చరకసంహిత విమానస్థానంలోని ఐదవ అధ్యాయం చెబుతున్నది. మహాస్రోతస్సు అంటే ఆహారం సంచరించే మార్గం. శ్వాసరోగం పుట్టుకను వివరించేటప్పుడు కూడా చికిత్సాస్థానం పదిహేడవ అధ్యాయం దాని మూలాన్ని పిత్తస్థానంలోనే, అంటే జీర్ణాశయ ప్రాంతంలోనే చూపింది.

స్క్లీరోడెర్మాను ప్రాచీనులు ఎరిగి ఈ మాట అన్నారని మనం చెప్పుకోనక్కరలేదు. కాని ఈ వ్యాధిలో ఆయాసానికి కారణం వెదకవలసిన మూడు చోట్లను ఇది చక్కగా గుర్తుచేస్తుంది. అవి ఊపిరితిత్తి, గుండె, ఆహారమార్గం. ఒక్కొక్కదానిని పరిశీలిద్దాం.

మొదటి చోటు: ఊపిరితిత్తుల కణజాలం

మన ఊపిరితిత్తులలో కోట్లాది వాయుకోశాలున్నాయి. వాటి గోడలు అతి పలుచనివి. గాలిలోని ప్రాణవాయువు ఆ గోడలను దాటి రక్తంలో చేరుతుంది. స్క్లీరోడెర్మాలో ఈ గోడలు మొదట వాచి, తరువాత పీచుకట్టి మందమవుతాయి. మెత్తని స్పాంజి క్రమంగా పీచుగా మారినట్లు ఊపిరితిత్తి సాగేగుణాన్ని కోల్పోతుంది. నిండుగా గాలి పీల్చలేరు. పీల్చిన గాలిలోని ప్రాణవాయువు రక్తంలోకి సులభంగా చేరదు.

సూక్ష్మమైన సి.టి. పరీక్ష చేస్తే ఈ రోగులలో సుమారు సగం మందిలో ఈ మార్పులు కనిపిస్తాయి. అనేకులలో అవి స్వల్పంగానే నిలిచిపోతాయి. కొందరిలో మాత్రం వేగంగా పెరుగుతాయి. ఈ పెరుగుదలకు వ్యాధి ఆరంభమైన తొలి మూడు నుండి ఐదు సంవత్సరాలు కీలకమైనవి. విస్తృత రూపం గలవారికి, రక్తపరీక్షలో ఎస్.సి.ఎల్.-70 అనే ప్రతిరక్షకం కనిపించినవారికి ముప్పు ఎక్కువ.

దీని లక్షణాలు రెండే రెండు: శ్రమించినప్పుడు ఆయాసం, కఫం లేని పొడిదగ్గు. వైద్యుడు వీపు దిగువభాగాన స్టెతస్కోపు పెట్టి వింటే, లోపలికి గాలి పీల్చేటప్పుడు వెల్‌క్రో పట్టీని ఊడదీసినట్లు చిటపట ధ్వని వినిపిస్తుంది. ఉబ్బసంలో వినిపించే పిల్లికూతల వంటి శబ్దం సాధారణంగా ఉండదు. దీనిని ఉబ్బసమనుకొని సంవత్సరాల తరబడి పీల్చే మందులు వాడినవారున్నారు. ఎక్స్‌రేలో మచ్చ ఉన్నదని, కఫ పరీక్ష నిర్ధారణ లేకుండానే క్షయ మందులు వాడినవారూ ఉన్నారు. రెండు విధాలా నష్టపోయేది కాలమే.

రెండవ చోటు: గుండె, పుపుస ధమని

గుండె కుడిభాగం నుండి ఊపిరితిత్తులకు రక్తాన్ని కొనిపోయేది పుపుస ధమని. దీని శాఖల లోపలి పొర మందమై దారి ఇరుకైతే, రక్తాన్ని నెట్టడానికి గుండె కుడిభాగం అధికంగా శ్రమించవలసి వస్తుంది. చేతికి పట్టీ కట్టి చూసే రక్తపోటు సరిగానే ఉండవచ్చు. ఈ పోటు వేరు, ఆ పోటు వేరు. రోగులలో సుమారు పదిమందికి ఒకరిలో ఈ స్థితి ఏర్పడుతుంది. పరిమిత రూపం గలవారిలో, సెంట్రోమియర్ ప్రతిరక్షకం ఉన్నవారిలో, వ్యాధి మొదలై చాలా సంవత్సరాలు గడిచిన తరువాత ఇది తరచుగా కనిపిస్తుంది. "వ్యాధి వచ్చి పదేళ్ళయింది, ఇక భయం లేదు" అనుకోవడం అందుకే తప్పు.

మెట్లెక్కితే ఆయాసం, అలసట, గుండెదడ, శ్రమలో తల తిరగటం, స్పృహ తప్పటం, సాయంత్రానికి పాదాలు వాయటం దీని లక్షణాలు. దగ్గు అంతగా ఉండకపోవచ్చు. పోటు పెరగటంతో పాటు గుండె కండరం పీచుకట్టటం, గుండె లయ తప్పటం, గుండె పైపొరలో నీరు చేరటం కూడా ఈ వ్యాధిలో సంభవించవచ్చు.

మూడవ చోటు: ఆహారమార్గం

అన్నవాహిక దిగువభాగపు కండరాలు పటుత్వం కోల్పోవటం స్క్లీరోడెర్మాలో అతి సామాన్యం. దానివలన జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. నిద్రలో ఆ ద్రవం తెలియకుండానే గొంతు దాటి శ్వాసనాళంలోకి కొద్దికొద్దిగా జారవచ్చు. రాత్రి దగ్గు, తెల్లవారుజామున గొంతు బొంగురుపోవటం, నోట పులిరుచి దీని సూచనలు. ఈ జారుడు ఊపిరితిత్తులను మరింత పాడుచేస్తుందని అనేకమంది వైద్యుల అభిప్రాయం. కనుక మంట, పుల్లతేన్పులకు చికిత్స చేయటం పొట్ట సుఖానికే కాదు, శ్వాస రక్షణకు కూడా.

జీర్ణాశయం నుండి కొద్దికొద్దిగా రక్తం స్రవించి రక్తహీనత ఏర్పడినా ఆయాసం వస్తుంది. ఛాతీ చర్మం బిగిసినా, శ్వాసకు తోడ్పడే కండరాలు బలహీనపడినా వస్తుంది. కాబట్టి "ఈ రోగికి ఆయాసం ఎందుకు?" అనే ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. కొందరిలో రెండు మూడు కారణాలు కలిసే ఉంటాయి.

ఆయాసం దాగి ఉండే విధానం

చరకుడు శ్వాసరోగాన్ని ఐదు విధాలుగా విభజించాడు: మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస. వీటిలో చివరిదైన క్షుద్రశ్వాస శ్రమ వలన కలిగి, విశ్రాంతితో తగ్గే స్వల్పరోగం. శ్రమలో మాత్రమే వచ్చే ఆయాసాన్ని సామాన్యులు స్వల్పమని భావించటం సహజం. అయితే స్క్లీరోడెర్మా రోగిలో తీవ్రవ్యాధి సైతం మొదట ఈ వేషంలోనే ప్రవేశిస్తుంది. లక్షణం స్వల్పమైనా కారణం స్వల్పం కాకపోవచ్చు.

మరొక చిక్కు ఉన్నది. మనిషి తనకు తెలియకుండానే తన పనులను ఆయాసానికి తగినట్లు తగ్గించుకుంటాడు. ఒక గృహిణిని ఊహించండి. గత సంవత్సరం రెండు బకెట్ల బట్టలు మేడమీదికి తీసుకువెళ్ళి ఆరవేసేది. ఈ సంవత్సరం ఒక్కొక్క బకెట్టు చొప్పున తీసుకువెళుతున్నది. తరువాత ఆ పని పిల్లలకు అప్పగిస్తుంది. కూరగాయల బజారుకు నడక మాని ఆటో ఎక్కుతుంది. "ఆయాసం ఉందా?" అని వైద్యుడు అడిగితే, "లేదండీ, కాస్త నీరసం అంతే" అంటుంది. ఆమె అబద్ధమాడటం లేదు. ఆయాసం వచ్చే పనులన్నీ మానివేసింది గనుక ఆయాసం లేదు. ఇంట్లో పెద్దలు కూడా "వయసు వస్తోంది కదమ్మా" అని ఓదారుస్తారు.

అందువలన ఇంట్లో ఒక కొలబద్ద ఏర్పరచుకోవాలి. నెలకొకసారి, ఒకే వేళ, ఒకే మెట్ల వరుసను మామూలు వేగంతో ఎక్కి, మధ్యలో ఆగవలసి వచ్చిందా, పైకి చేరిన తరువాత పూర్తి వాక్యం మాట్లాడగలిగారా అన్నది ఒక నోటుపుస్తకంలో వ్రాయాలి. దగ్గు, పాదాల వాపు, బరువు, రక్తపోటు కూడా వ్రాయాలి. ఇదివరకే గుండె లేక పుపుస ధమని వ్యాధి ఉన్నవారు, శ్రమలో స్పృహ తప్పినవారు ఈ మెట్ల పరీక్ష చేయరాదు. ఆ పుస్తకాన్ని ప్రతిసారీ వైద్యునికి చూపాలి. గడచిన సంవత్సరపు స్థితికీ నేటి స్థితికీ గల తేడా వైద్యునికి ఎంతో విలువైన సమాచారం.

చేయించుకోవలసిన పరీక్షలు

వ్యాధి నిర్ధారణ అయిన వెంటనే, ఆయాసం ఉన్నా లేకున్నా, ఈ పరీక్షలు అవసరం.

హెచ్.ఆర్.సి.టి.: ఊపిరితిత్తుల సూక్ష్మ చిత్రం. సాధారణ ఎక్స్‌రేలో ఆరంభదశ మార్పులు కనిపించకపోవచ్చు. కనుక ఎక్స్‌రే బాగుందని తృప్తి చెందరాదు.

శ్వాస సామర్థ్య పరీక్ష: గొట్టంలోకి ఊది చేసే పరీక్ష ఇది. ఇందులో రెండు అంకెలు ముఖ్యం. నిండుగా పీల్చి బలంగా వదిలిన మొత్తం గాలిని ఎఫ్.వి.సి. అంటారు. వాయుకోశాల నుండి వాయువు రక్తంలో చేరే శక్తిని డి.ఎల్.సి.ఓ. సూచిస్తుంది. ఎఫ్.వి.సి. తగ్గుతూ వస్తే ఊపిరితిత్తి గట్టిపడుతున్నదని అర్థం. వెనుకటి లెక్కతో పోల్చినప్పుడు పదవ వంతు తగ్గినా ఉపేక్షించరాదు. ఎఫ్.వి.సి. నిలకడగా ఉండి డి.ఎల్.సి.ఓ. ఒక్కటే బాగా పడిపోతే పుపుస ధమనిలో పోటును అనుమానించాలి. తొలి సంవత్సరాలలో ఈ పరీక్షను మూడు నుండి ఆరు నెలలకొకసారి, తరువాత సంవత్సరానికొకసారి చేయించటం వాడుక. నోరు పూర్తిగా తెరుచుకోనివారు ఆ సంగతిని పరీక్ష చేసేవారికి ముందే చెప్పాలి. పెదవుల సందుల నుండి గాలి పోతే లెక్క తప్పుతుంది.

ఎకో పరీక్ష: గుండె పరీక్ష. సంవత్సరానికొకసారి చేయించాలి. ఇది అనుమానాన్ని మాత్రమే తెలుపుతుంది. నిర్ధారణకు సన్నని గొట్టాన్ని సిర ద్వారా గుండె కుడిభాగంలోకి పంపి పోటును నేరుగా కొలవాలి. 2022 నుండి అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం పుపుస ధమనిలో సగటు పోటు 20 మిల్లీమీటర్లకు మించితే అధికమని పరిగణిస్తున్నారు. పూర్వం ఈ హద్దు 25గా ఉండేది.

ఇక వేలికి తగిలించే ఆక్సిమీటరును గురించి ఒక హెచ్చరిక. ఈ రోగుల వేళ్ళలో రక్తప్రసారం తక్కువ గనుక, చల్లని వేలికి తగిలిస్తే అంకె తప్పుగా తక్కువ చూపవచ్చు, అసలు చూపకనూ పోవచ్చు. చేతులను వెచ్చబరచి చూడాలి. ఆసుపత్రిలోనైతే చెవి తమ్మెకు లేక నుదుటికి పెట్టే పరికరం మేలు. అంకె బాగుందని ఆయాసాన్ని కొట్టిపారవేయరాదు.

నేటి చికిత్సా మార్గాలు

గట్టిపడిన భాగాన్ని తిరిగి మెత్తబరచే మందు నేటికీ లేదు. గట్టిపడే వేగాన్ని తగ్గించే మందులున్నాయి. అందుకే ఆలస్యం పనికిరాదు. 2016లో వెలువడిన పరిశోధనలో మైకోఫినోలేట్ అనే మందు, అంతకుముందు వాడుతుండిన సైక్లోఫాస్ఫమైడ్‌తో సమానంగా పనిచేస్తూ, రోగులు తేలికగా తట్టుకోగలిగేదిగా కనిపించింది. 2019లో నింటెడానిబ్ అనే మందుపై జరిగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. మందు వాడనివారిలో ఎఫ్.వి.సి. సంవత్సరానికి సుమారు 93 మిల్లీలీటర్లు తగ్గగా, వాడినవారిలో సుమారు 52 మిల్లీలీటర్లు తగ్గింది. తగ్గుదల ఆగలేదు, నెమ్మదించింది. ఈ తేడా సంవత్సరాల మీద కూడితే రోగికి ఎంతో విలువైనది. టోసిలిజుమాబ్, రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్లను కూడా తగినవారికి వాడుతున్నారు. పుపుస ధమనిలో పోటుకు బోసెంటాన్, ఆంబ్రిసెంటాన్, సిల్డెనాఫిల్, టడాలఫిల్ వంటి మందులున్నాయి. ప్రాణవాయువు తగ్గినవారికి ఇంట్లోనే ఆక్సిజన్ ఏర్పాటు అవసరం కావచ్చు.

వీటిలో పలు మందులు గర్భస్థ శిశువుకు హాని చేసేవి. పుపుస ధమనిలో పోటు ఉన్న స్త్రీకి గర్భధారణ ప్రాణాపాయకరం. వివాహిత స్త్రీలు ఈ విషయాన్ని మొహమాటం లేకుండా వైద్యునితో చర్చించాలి. రోగనిరోధక శక్తిని అణచే మందులు మొదలుపెట్టేముందు క్షయ ఉన్నదీ లేనిదీ పరీక్షించటం, ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించటం మేలు. ఈ చికిత్సలను కీళ్ళ, రోగనిరోధక వ్యాధుల నిపుణులైన రుమటాలజిస్టులు, ఊపిరితిత్తుల వైద్యులు, గుండె వైద్యులు కలిసి నిర్ణయించాలి.

ఇంట్లో చేయదగినవి

1. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి 6 నుండి 8 అంగుళాలు ఎత్తు చేయాలి. దిండ్లు పేర్చటం చాలదు. దిండ్ల వలన నడుము వంగి పొట్టపై ఒత్తిడి పెరుగుతుంది.

2. రాత్రి భోజనం పడుకునేందుకు మూడు గంటల ముందే ముగించాలి. కడుపునిండా ఒక్కసారి తినక, కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు తినాలి. ఊరగాయలు, వేపుళ్ళు, పుల్లటి పులుసులు, ఎక్కువ కారం, పదే పదే కాఫీ, టీలు ఎవరికి మంట తెప్పిస్తాయో వారు మానాలి. మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ కూరలు అనుకూలం. బరువు తగ్గిపోకుండా చూసుకోవాలి.

3. పొగను ఇంటి నుండి వెళ్ళగొట్టాలి. బీడీ, సిగరెట్టు పూర్తిగా నిషిద్ధం. దోమల చక్రాలు, అగరుబత్తీలు, సాంబ్రాణి ధూపం, కట్టెల పొయ్యి, ఎండుమిర్చి తిరగమోత ఘాటు ఊపిరితిత్తులను రేపుతాయి. దేవుని గదిలో నేతి దీపం చాలు.

4. చేతులను, పాదాలనే కాక ఒళ్ళంతా వెచ్చగా ఉంచాలి. గిన్నెలు, బట్టలు గోరువెచ్చని నీటితో ఉతకటం, కడగటం మేలు.

5. గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా అభ్యంగనం చేసి, భుజాలు, ఛాతీ, వేళ్ళు, దవడ కదిలించే వ్యాయామాలు చేస్తే బిగుతు కొంత సడలి సుఖం కలుగుతుంది. వేళ్ళపై పుండ్లు ఉంటే అక్కడ మర్దన తగదు. అభ్యంగనం చర్మానికి మేలు చేస్తుంది గాని ఊపిరితిత్తుల పీచును కరిగించదు.

6. ముక్కుతో నెమ్మదిగా, పొట్ట ఉబ్బేటట్లు గాలి పీల్చి, ఈలవేసేటట్లు పెదవులు చుట్టి నిదానంగా వదిలే అభ్యాసం ఆయాసాన్ని ఉపశమింపజేస్తుంది. నాడీశోధనం చేసేవారు కుంభకం లేకుండా చేయాలి. శ్వాస బిగబట్టే అభ్యాసాలు, భస్త్రిక, కపాలభాతి, తలకిందుల ఆసనాలు పుపుస ధమనిలో పోటు ఉన్నవారికి తగవు.

7. తిరుమలకు కాలినడకన వస్తామని మొక్కుకున్నవారు, విమానంలో విదేశాలలోని పిల్లల వద్దకు వెళ్ళదలచినవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. ఎత్తున ఎగిరే విమానం లోపలి గాలి 6 నుండి 8 వేల అడుగుల కొండపై గాలితో సమానం. కొందరికి దారిలో ఆక్సిజన్ అవసరమవుతుంది.

గృహవైద్యంలో చేయరానివి

దగ్గుకు మన ఇళ్ళలో మొదట గుర్తుకువచ్చేవి మిరియాల కషాయం, శొంఠి, అతిమధురం. కఫంతో కూడిన జలుబు దగ్గులో వాటి స్థానం వేరు. ఈ వ్యాధిలోని పొడిదగ్గులో కరిగించవలసిన కఫం లేదు. పైగా ఘాటైన కషాయాలు ఛాతీమంటను పెంచవచ్చు.

అతిమధురం విషయంలో ప్రత్యేక హెచ్చరిక అవసరం. దీనిని రోజుల తరబడి వాడితే రక్తపోటు పెరిగి, రక్తంలో పొటాషియం తగ్గే అవకాశం ఉంది. స్క్లీరోడెర్మాలో రక్తపోటు హఠాత్తుగా పెరగటం మూత్రపిండాల ప్రమాదానికి తొలి సంకేతం. గుండె లయకు పొటాషియం అత్యవసరం. కాబట్టి ఈ రోగులు దీనిని స్వయంగా వాడరాదు.

'రోగనిరోధక శక్తిని పెంచేవి' అంటూ అమ్మే మందుల విషయంలోనూ విచక్షణ కావాలి. ఇక్కడ సమస్య ఆ శక్తి చాలకపోవటం కాదు, దారి తప్పటం. తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు నివేదించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ అభిప్రాయంతో ఏకీభవించలేదు. అభిప్రాయభేదం ఉన్నప్పటికీ, కాలేయంపై ప్రభావం చూపే బోసెంటాన్ వంటి మందులు వాడేవారు జాగ్రత్త వహించటమే వివేకం. లోహభస్మాలు, రసౌషధాలు మూత్రపిండాల స్థితి తెలియకుండా తీసుకోరాదు.

తయారీ వివరాలు లేని 'ఆయాసం పొడులు' మరింత ప్రమాదకరం. అటువంటి కొన్నింటిలో స్టెరాయిడ్లు కలిపి అమ్ముతుంటారు. తాత్కాలికంగా ఆయాసం, నొప్పులు తగ్గినట్లుండవచ్చు. ప్రెడ్నిసొలోన్ రోజుకు 15 మిల్లీగ్రాములు లేక అంతకుమించి వాడటానికీ, ఈ రోగులలో మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినటానికీ సంబంధం ఉన్నది. మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే 'దమ్ము మాత్రల'కూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. అయితే వైద్యుడు వ్రాసి ఇచ్చిన స్టెరాయిడును హఠాత్తుగా మానివేయటం కూడా ప్రమాదమే.

ఆయుర్వేద చికిత్స పొందదలచినవారు శిక్షణ పొందిన వైద్యుని వద్ద, తాము వాడే అల్లోపతి మందుల చీటీ చూపించి పొందాలి. అట్లే అల్లోపతి వైద్యునికి తాము వాడే చూర్ణాలు, లేహ్యాలు చెప్పాలి. ఒకరికి తెలియకుండా మరొకరి వద్ద తీసుకునే మందు రోగికే ముప్పు.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన సూచనలు

• కూర్చున్నప్పుడు, మాట్లాడేటప్పుడు కూడా ఆయాసం రావటం
• పెదవులు, నాలుక నీలంగా మారటం
• శ్రమలో స్పృహ తప్పటం, ఛాతీలో నొప్పి, ఎడతెగని గుండెదడ
• దగ్గుతో జ్వరం, దగ్గులో రక్తం
• పాదాలు, పొట్ట వేగంగా వాయటం
• రక్తపోటు అకస్మాత్తుగా పెరిగి తలనొప్పి, చూపు మసకబారటం, మూత్రం తగ్గటం

ఇట్టి సమయంలో కషాయాలతోను, ఆవిరితోను కాలయాపన చేయరాదు.

కుటుంబ సభ్యులకు ఒక మాట

ముఖం బిగిసి, వేళ్ళు వంకరపోయి, అందరిలోకి రావటానికి జంకే రోగికి శ్వాస కూడా చాలకపోతే కలిగే దిగులు చెప్పనలవి కాదు. "నీకేం, మందులు మింగుతున్నావుగా" అనే మాట కంటే, బరువు పనులను అడగకుండానే అందుకోవటం మేలు. పరీక్షల తేదీలను గోడ క్యాలెండరులో ఇంటివారే గుర్తు పెట్టాలి. పాత సి.టి. ఫిల్ములు, శ్వాస పరీక్షల కాగితాలు పారవేయక తేదీల వారీగా ఒకే సంచిలో భద్రపరచాలి. ఈ వ్యాధిలో ఒక్క పరీక్ష చెప్పేది కొంచెమే. వరుసగా నాలుగు పరీక్షలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే వ్యాధి ఎటు నడుస్తున్నదో తెలుస్తుంది.

చర్మానికి నూనె రాసే శ్రద్ధతోనే శ్వాసను కూడా కొలుచుకోవాలి. మీ ఇంట్లోగాని, బంధువులలోగాని చలికి వేళ్ళు తెల్లబడి, చర్మం బిగుస్తున్నవారు ఉంటే, వారు శ్వాస సామర్థ్య పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో ఈ రోజే అడగండి. ఇంతవరకు చేయించుకోలేదంటే, ఆయాసం వచ్చేవరకు ఆగవద్దని చెప్పండి.